ఎదురెదురు సీట్లు

చేత్తో నడిపే కార్లకు అనుమతి ఆగిపోతోందని, ఒకప్పుడు కారు ర్యాలీ పోటీలు గెలిచిన హైమవతి తన ఎర్ర రేసుకారు షోరూంలో ఇచ్చేసి, దానంతట అదే నడిచే కారు తీసుకుంది. అందులో స్టీరింగ్ లేదు. సీట్లు ఎదురెదురుగా ఉన్నాయి.

మర్నాడు భర్త శేషగిరితో అరకు ఘాట్ ఎక్కుతుంటే ఒక్క మలుపూ ఒంటికి తెలియలేదు. ఆమె చేతులు ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి.

"ఏమిటండీ, అలా చూస్తున్నారు?"

"ఇన్నేళ్ళూ ఈ మలుపుల్లో నువ్వు కారు నడుపుతుంటే నీ ముఖం పక్కనుంచే చూశాను. ఎదురుగా చూసే వీలు దొరికేసరికి ఆ ముఖమే లేదు."

హైమవతి కళ్ళు తుడుచుకుంది. "ఎలా ఉండేదో చెప్పండి."

"నాలుక కొస పంటికింద పెట్టుకుని, నవ్వు ఆపుకుంటున్నట్టు ఉండేదానివి," అన్నాడు శేషగిరి.

కొండ దాటేదాకా చెబుతూనే ఉన్నాడు.