ఒక్క గొట్టం నీళ్ళు

“ఏం రంగు?”

బిసేసర్ గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అడిగాడు. రోజూ అడిగే ప్రశ్నే. కానీ ఈ పొద్దున ఆయన చేతిలో మూత పెట్టిన బకెట్ ఉంది, అందులో నీళ్ళు తొణుకుతున్నాయి. దుకాణంలో పనిచేసే అపిసాయి ఆ బకెట్ వంక చూశాడు.

“ఇంకా చుక్కలు వెయ్యలేదు బాస్. ఇంత పొద్దున్నే వచ్చారేం?”

“ఇంట్లో పాత తొట్టి పగిలింది నాయనా. లేచి చూస్తే హాలంతా ఉప్పునీళ్ళు. వీళ్ళిద్దర్నీ పట్టేసరికి నా తాతలు దిగొచ్చారు.”

మూత తీశాడు. లోపల రెండు చారల చేపలు ఒకదానికొకటి ఆనుకుని వణుకుతున్నాయి. ఆయన భార్య సుఖ్‌రాజీ పన్నెండేళ్ళు పెంచిన జంట అది. ఆవిడ పోయి ఏడాదైంది. పిల్లలు లేరు. ఇంటికెళ్ళి ఆయన మాట్లాడేది ఈ చేపలతోనే అని ఫిజీలోని లౌటోకా బజారంతా చెప్పుకుంటుంది.

వీటికోసమే తన పెంపుడు చేపల దుకాణం మధ్యలో ఆరడుగుల కొత్త తొట్టి కట్టించాడు. ఉప్పునీళ్ళు పోసి, సముద్రపు రాళ్ళు పేర్చి, ఓ పచ్చిరొయ్య పడేసి కుళ్ళబెట్టారు. ఆ కుళ్ళులోంచి అమోనియా పుడుతుంది. దాన్ని తినే సూక్ష్మజీవులు రాళ్ళ మీద మెల్లగా పెరగాలి. అవి పెరిగేదాకా ఆ నీళ్ళు చేపలకి విషమే. పెరిగాయో లేదో చెప్పేది ఒక్క గాజు గొట్టం. నీళ్ళలో మందు చుక్కలు వేస్తే ఆకుపచ్చ తేలిందా, విషం ఉన్నట్టు. పసుపు తేలిందా, లేనట్టు.

ఆరు వారాలుగా అపిసాయికి ఆ గొట్టమంటే హడలు.

సైన్యంలో చేరదామని వెళ్ళినప్పుడు బయటపడింది సంగతి. డాక్టరు చుక్కల బొమ్మ చూపిస్తే వరసలో అందరికీ అంకె కనిపించింది, అతనికి చుక్కలే కనిపించాయి. కొన్ని రంగులకి తేడా తెలియని కళ్ళన్నారు. ఇక్కడ చేరినప్పుడు ఆ మాట మింగేశాడు. ఇంట్లో భార్య మెరెసీనికి ఏడో నెల. ఈ పని పోతే ఇంకోటి దొరకదు. పైగా బాస్ ఎంత పట్టింపు మనిషో అతనికి తెలుసు. బజారులో మామిడిపండు ఒక్కొక్కటీ నొక్కి, వాసన చూసిగానీ సంచిలో వెయ్యడు. ఇదివరకు పనిచేసినవాడు చూడకుండానే పసుపన్నాడట. ఒక్క పూటలో నలభై చేపలు వెల్లకిలా తేలాయి. వాణ్ణి ఉన్నపళంగా బయటికి పంపేశాడు.

ఇన్నాళ్ళూ అతన్ని ఒడ్డున పడేసింది దుకాణం ఊడ్చే వసేతి అత్త.

“అత్తా, నీ కళ్ళు పనిచేస్తున్నాయో లేదో చూద్దాం. ఇదేం రంగు?” అనేవాడు వేళాకోళంగా.

“నా కళ్ళకేం రోగంరా? ముదురు ఆకుపచ్చ. నువ్వు ముందు మీ బాస్ బట్టలు చూడు. పెళ్ళాం పోయాక చొక్కా ఒక తీరు, ప్యాంటు ఒక తీరు. చూడలేక చస్తున్నా,” అనేది చీపురు ఆపకుండా.

అత్త చెప్పింది అతను బాస్‌కి అప్పజెప్పేవాడు. బాస్ గొట్టాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి, కళ్ళు చికిలించి, “ఊఁ” అనేవాడు. ఆ “ఊఁ” వినేదాకా అపిసాయికి ఊపిరాడేది కాదు.

నిన్న ఆఖరి పరీక్షకని తొట్టిలో మళ్ళీ అమోనియా వేశారు. ఒక్క రోజులో నీళ్ళు దాన్ని తినేస్తే తొట్టి సిద్ధమైనట్టు. నిన్న మధ్యాహ్నమే వసేతి అత్త వాళ్ళన్న చనిపోయాడని యాసవా దీవులకి పడవెక్కి వెళ్ళిపోయింది.

అపిసాయి నీళ్ళు తీసి చుక్కలు వేశాడు. అయిదు నిమిషాలు ఆగాలి. బాస్ పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఆకుపచ్చయితే చెప్పు. బకెట్లో గాలి గొట్టం పెట్టి సాయంత్రం దాకా నెట్టుకొద్దాం. పసుపయితే వదిలేద్దాం. ఏం రంగు?”

గొట్టంలో అతనికి కనిపించింది ఎండుగడ్డి నీళ్ళలాంటిదేదో. రోజూ కనిపించేదే. ఆకుపచ్చ అని, అది పసుపైతే? పసుపని, అది ఆకుపచ్చైతే? ఎలా తప్పినా బాస్ ఇట్టే పట్టేస్తాడు. పోతే నా పని పోతుంది, చేపలకైతే ఏమీ కాదు అనుకున్నాడు. ఆ ఒక్క ధైర్యమే మిగిలింది.

“పసుపు బాస్.”

బిసేసర్ గొట్టం అందుకున్నాడు. వెలుతురుకి ఎత్తాడు. ఎప్పటికంటే ఎక్కువసేపు చూశాడు.

“ఊఁ,” అన్నాడు బాస్.

బతికానురా దేవుడా అనుకున్నాడు అపిసాయి.

అరగంటసేపు గ్లాసు గ్లాసుగా తొట్టి నీళ్ళు బకెట్లో కలిపారు. తర్వాత బిసేసర్ తన చేత్తోనే చేపల్ని వదిలాడు. జంట ఒక చుట్టు తిరిగి రాళ్ళ వెనక దూరింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

“వీటికేమన్నా అయితే నేనుండలేను అపీ. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ గొట్టం ఆవిడే చూసేది. పోయాక ఎవణ్ణో నమ్మి చెడ్డాను. నువ్వొచ్చాకే నాకు కంటినిండా నిద్ర.”

“నేనేం చేశాను? రోజూ మీరూ చూస్తారుగా బాస్?” అన్నాడు అపిసాయి.

బిసేసర్ సిగ్గుపడుతూ నవ్వాడు.

“నాకు పుట్టుకతోనే పసుపూ ఆకుపచ్చా ఒక్కటే నాయనా.”