చివరి తూము

“నీళ్లు తగ్గితే ముందు ఏ తూము మూస్తారవ్వా?” హనుమేష్ మళ్లీ అడిగాడు.

మాణిక్యం రేపు పొద్దున సంఘంలో తేల్చాల్సిందీ అదే. తెక్కలకోట దగ్గర ఆ పిల్లకాలవ నీటి సంఘానికి, భర్త పెదబాబు పోయినప్పటి నుంచి ఆమే పెద్ద. కాలవ సగానికి పడిపోయింది. అందరి వరీ పొట్ట మీదుంది.

అలాంటప్పుడు బళ్లారి నుంచి వచ్చాడీ ఇంజినీరు హనుమేష్. ఉపగ్రహంలో కరెంటు పంచే ఏర్పాటు చెయ్యడం తన పనట. కొరతొస్తే ఎలా పంచుకోవాలో కాలవ మనుషులను అడుగుదామని వచ్చాడట. బడి మొహం చూడకుండా, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువు నేర్చుకున్న మనిషి ఆమె. పేపర్లో ఉపగ్రహం మాట కనిపిస్తే రెండుసార్లు చదువుతుంది. కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

“చివరిదే బాబూ. అక్కడికి ఎలాగూ నీళ్లు సరిగా అందవు. అడిగేవాళ్లూ తక్కువ.”

“ముందెప్పుడన్నా మూసినారా?”

పదిహేనేళ్ల కిందట మూశారు. ఆ తూము కింద తిమ్మన్న మూడెకరాలు నిలువునా ఎండిపోయాయి. అతను వచ్చి వాకిట్లో నిలబడితే, పై ఏడాది చూద్దామని ఆమే పంపేసింది. పై ఏడాదికి వాళ్లు లేరు. సామానూ, మేకలూ, పెళ్లాంబిడ్డలూ ఒకే లారీలో వెళ్లిపోతుంటే ఈ వరండాలోంచే చూసింది. ఎంతోమందిని సాగనంపింది గానీ ఆ లారీ చప్పుడు మాత్రం చెవుల్లోంచి పోలేదు. ఇప్పుడా నేల నాగక్క కౌలుకు చేస్తోంది.

ఆమె ఇదంతా చెబుతుంటే హనుమేష్ రాసుకోవడం ఎప్పుడో ఆపేశాడు.

కాసేపటికి కాగితం మీద గీతలు గీసి చూపించాడు. ఉపగ్రహం గంటన్నరకోసారి భూమిని చుట్టివస్తుందట. అందులో అరగంట పైగా నీడలోనే ఉంటుంది. ఎండ లేనప్పుడు బ్యాటరీయే దిక్కు. అదీ తగ్గితే ఒక్కో లైనూ కట్టేసుకుంటూ పోవాలి. గీతల్లో అన్నిటికన్నా పైన ఎక్కువ కరెంటు తాగే కెమెరా ఉంది, తర్వాత రేడియో, చిట్టచివర ఒక చిన్న హీటరు.

అదెందుకని ఆమె అడిగింది.

“బ్యాటరీని వెచ్చగా పెడతాదవ్వా. దానికి కావాల్సింది రవ్వంత కరెంటు. అడిగేవాళ్లు లేరని పరీక్షలో మేమూ దాన్నే ముందు కట్టేసినాం. బ్యాటరీ చలికి బిగుసుకపాయ. మళ్లీ ఎండొచ్చినా చార్జి పట్టలే. కెమెరా కూడా సచ్చింది.”

“మరిప్పుడేం చేస్తారు?”

“అదే మిమ్మల్ని అడుగుదామని వచ్చినా.”

ఆమె చాలాసేపు ఆ కాగితం చివరి గీత మీదే వేలు ఉంచింది. ఎగువ రైతులు ఊరుకోరు. ఇన్నేళ్లు వదినా, అక్కా అన్నవాళ్లు రేపటి నుంచి గడప తొక్కరు. తన ఆరెకరాల్లో ఎంత తాలు పోతుందో కూడా తెలుసు.

“ఎక్కువ తాగేదాన్ని ముందు కట్టాలి బాబూ,” అంది చివరికి. “నాలుగు రోజులు నాది మూయిస్తాను. తర్వాత పైవాళ్లవి వరసగా. నాగక్క తూము జోలికి ఎవరూ పోరు. రేపు సంఘంలో ఇదే చెప్తాను. మీరూ ఇలాగే రాసుకోండి.”

హనుమేష్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వంగి ఆమె కాళ్లకు దణ్ణం పెట్టి, మెట్లు దిగి బండి దగ్గరికి నడిచాడు.

తను చెప్పింది ఆకాశం దాకా పోతుందంటే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. వరండా చివరి దాకా వచ్చి, ఆ ఉపగ్రహాన్ని ఎప్పుడు పంపిస్తారో చెబితే పేపర్లో చూసుకుంటానంది.

హనుమేష్ బండి తాళం తిప్పబోయి ఆగాడు.

“అది పైకి పోయి రెండేళ్లయిందవ్వా. నేనొచ్చింది మీ చివరి తూము కోసమే.”