ఐదో అంతస్తు

“డాక్టరమ్మ క్లినిక్ మారిందటండీ. అద్దాల దుకాణం మేడలో, ఐదో అంతస్తు. నేనూ అమ్మాయీ వచ్చేశాం, లోపలికి వెళ్తున్నాం” అని చెప్పి భార్య ఫోను పెట్టేసింది.

లిఫ్టు మెకానిక్ చేతిలోని రెంచి జారి కాలి మీద పడింది. ఆ నొప్పి కూడా అతనికి తెలియలేదు. అద్దాల దుకాణం మేడలో లిఫ్టు అతను చూసుకునేదే. దాని బ్రేకు అరిగిపోయి పట్టు తప్పుతోందన్న సంగతి ఈ లోకంలో అతనొక్కడికే తెలుసు. ఆ బ్రేకుకు వేయాల్సిన కొత్త లైనింగులు తెచ్చి కూడా చాలా రోజులైంది. అవి కట్టిన తాడు విప్పకుండా అతని సంచిలోనే ఊరంతా తిరుగుతున్నాయి. రేపు వేద్దాంలే, ఇప్పుడేం కొంపలంటుకున్నాయి అనుకోవడం, ఆ రేపటికి ఇంకో రేపు పుట్టడం, ఇదే వరస. అలాగని పని రాని మనిషి కాదు. బాగా వచ్చు కాబట్టే ఎప్పుడైనా చేయొచ్చన్న ధీమా.

భార్యకు ఫోను చేశాడు. ఎత్తలేదు. కూతురికి చేస్తే స్విచాఫ్ వచ్చింది. ఆ పిల్లకు నెలలు నిండాయి. కుర్చీలోంచి లేవడానికే ఆయాసపడుతోంది. అలాంటిది ఐదంతస్తుల మెట్లెక్కుతుందా? లిఫ్టు ఎక్కే ఉంటుంది. చేస్తున్న పని ఆపి, అక్కడి మెయిన్ స్విచ్ కట్టేసి, సంచి భుజాన వేసుకుని స్కూటరెక్కాడు.

దారిలో ప్రతి సిగ్నలూ ఎర్రగానే ఉంది. ఈ ఒక్కసారికి గట్టెక్కించు స్వామీ, ఇక జన్మలో ఏ పనీ రేపటికి వాయిదా వేయను అని దేవుడితో బేరం పెట్టుకున్నాడు. ఇదే మాట ఆ దేవుడికి ఇంతకుముందు ఎన్నిసార్లు ఇచ్చాడో వెంటనే గుర్తొచ్చింది. ఇంకా భయమేసింది.

మేడ ముందు వాచ్‌మన్ ఎదురొచ్చాడు. లిఫ్టు మూడుకీ నాలుగుకీ మధ్య ఆగిపోయిందని, ఫోను చేద్దామని ఇందాకట్నుంచీ అనుకుంటూనే ఉన్నానని చెప్పాడు.

“లోపల ఎవరున్నారు?”

“ఎక్కడం నేను చూళ్ళేదు సార్. ఒక పెద్దావిడ, కడుపుతో ఉన్న అమ్మాయి అటే వెళ్ళారు. కాసేపటికి దబ్బుమని చప్పుడైంది.”

అతను రెండేసి మెట్ల చొప్పున ఎక్కుతూ మూడో అంతస్తు చేరి, లిఫ్టు తలుపుకు చెవి ఆనించి “అమ్మా” అని పిలిచాడు. పిడికిలితో బాదాడు. లోపలినుంచి మూలుగు కూడా లేదు. ఇన్నేళ్ళలో ఎంతోమందిని లిఫ్టుల్లోంచి దింపాడు. చిక్కుకున్నవాళ్ళు అరుస్తారు, ఏడుస్తారు, లిఫ్టు కనిపెట్టినవాడి దగ్గర్నుంచి బాగుచేసేవాడి దాకా అందరినీ తిడతారు. ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నవాళ్ళు అతనికి ఎప్పుడూ తగల్లేదు.

వాచ్‌మన్‌ని వెంటబెట్టుకుని మేడ మీది మెషిన్ గదికి పరుగెత్తాడు. కరెంటు ఆపాడు. బ్రేకు మీట వాచ్‌మన్ చేతికిచ్చి, చెప్పినప్పుడే నొక్కు, వద్దనగానే వదిలెయ్ అని, తాను రెండు చేతులా చక్రం పట్టుకున్నాడు. చక్రం తిప్పితే తాళ్ళు కదిలి లిఫ్టు మెల్లగా నాలుగో అంతస్తుకు చేరాలి. మీట నొక్కగానే చక్రం అరచేతుల్లోంచి జారి ఒక చుట్టు తిరిగేసింది. తాళ్ళు కీచుమన్నాయి. భుజం అడ్డంపెట్టి ఎలాగో నిలబెట్టాడు. నా తల్లి, నా తల్లి అనుకుంటూ అంగుళం అంగుళం తిప్పాడు.

నాలుగో అంతస్తుకు దిగి తాళం తిప్పి తలుపు లాగాడు. ఒక్క క్షణం కళ్ళు మూసుకునే ఉన్నాడు. తెరిచి చూస్తే లోపల ఎవరూ లేరు.

అతనికి నమ్మకం కుదరలేదు. లోపలికి వెళ్ళి నేలంతా తేరిపార చూశాడు. పైన ఎవరో బటన్ నొక్కితే ఖాళీగా వెళ్తూ ఆగిపోయినట్టుంది. మరి వీళ్ళేరి? ఐదో అంతస్తుకు ఎగబాకి క్లినిక్ అద్దాల తలుపులోంచి చూశాడు. ఫోన్లు ఆపివేయండి అన్న బోర్డు కింద భార్యా కూతురూ తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. కూతురు చెమట తుడుచుకుంటోంది. లిఫ్టు ఆగిపోతే పాపం మెట్లెక్కి వచ్చారన్నమాట. అతను మెట్టు మీద కూలబడి, నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుని ఏడ్చాడు.

కాసేపటికి లేచి, ముఖం తుడుచుకున్నాడు. రేపు పొద్దున్నే వచ్చి ఆ లైనింగులు వేసేద్దామనుకున్నాడు. రేపు అన్న మాట మనసులో మెదలగానే ఒళ్ళు జలదరించింది. తిన్నగా మెషిన్ గదికి వెళ్ళి, సంచిలోని తాడు కట్టు విప్పాడు.

బ్రేకు బిగించాక లిఫ్టును ముందు ఖాళీగా నడిపాడు. తర్వాత తానెక్కాడు. ఆ తర్వాత వాచ్‌మన్‌ని కూడా ఎక్కించుకున్నాడు. ఎక్కడా వెంట్రుకవాసి జారలేదు. జీవితంలో మొదటిసారి, అనుకున్న పని అనుకున్న రోజునే చేశాడు. భార్యా కూతురూ క్లినిక్‌లోంచి బయటికి వచ్చేసరికి ఐదో అంతస్తులో లిఫ్టు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు.

“రా తల్లీ. ఇప్పుడే కొత్త బ్రేకు వేశాను. దిక్కుమాలిన లిఫ్టు ఆగిపోయి నీచేత ఇన్ని మెట్లెక్కించింది.”

కూతురు ఆశ్చర్యపోయింది. “లిఫ్టు ఆగిపోయిందా? మాకు తెలియనే తెలియదే.”

“మరి మెట్లెందుకెక్కావమ్మా, ఇంత కడుపుతో?”

కూతురు తల్లి వైపు చూసింది. తల్లి అప్పటికే రెయిలింగు పట్టుకుని మొదటి మెట్టు దిగింది. తండ్రి భుజం మెల్లగా నిమిరి, తనూ అటు నడుస్తూ కూతురు చెప్పింది.

“నువ్వు చూసుకునే లిఫ్టు ఎక్కనని నా చిన్నప్పుడే అమ్మ ఒట్టు వేయించుకుంది నాన్నా.”