పదివేల చుక్కలు

“ఏలు ఎయ్యకు,” అంది కనక.

ఆమె మొగుడు బుధు బొటనవేలికి అప్పటికే సిరా పూసేశారు. కింద కాగితం సిద్ధంగా ఉంది. దాని మీద ‘ఒక ఎకరం ఎనభై ఏడు సెంట్లు’ అని ఉంది. ముద్ర పడిందా, ఇక అంతే సంగతులు. కొత్త చెరువులో బుధు చేను మునిగిపోతుంది. చెరువు కట్టే కంపెనీ బదులుగా ఆ కాగితంలో ఉన్నంత భూమే ఇస్తుంది.

“మూడెకరాలు తగ్గదు బాబూ. ఐదు కుంచాల సామలు సల్లుతాను,” అన్నాడు బుధు.

ఎమ్మార్వో గణపతిరావు విసుక్కున్నాడు. “రెండువేల మూడులో ఉన్నాం, ఇంకా కుంచాలేంటయ్యా! కొండవాలు చేను, వంకరటింకర. గొలుసేసి కొలిస్తే వారం పడుతుంది. అందుకే కదా కంప్యూటర్ తెచ్చింది.”

తెచ్చింది కంపెనీ. దాని ముందు కూర్చున్న సురేష్ కూడా కంపెనీ ఆపరేటరే. కరెంటు పోయింది, యూపీఎస్ కీచుమంటోంది. పాడేరు వెళ్లాల్సిన జీపు బయట హారన్ కొడుతోంది.

“నీకు తెలిసిన పనే తాతా,” అన్నాడు సురేష్ లేని ఓపిక తెచ్చుకుని. “నువ్వు విత్తనాలు చల్లినట్టే ఇది చుక్కలు చల్లుతుంది. గురి ఉండదు, ఎక్కడ పడితే అక్కడే. ఈ పెద్ద గడి పదెకరాలు. పదివేల చుక్కలు చల్లితే నీ చేను గీత లోపల ఎన్ని పడ్డాయో, దాన్నిబట్టి నీ భూమి ఎంతో తేలిపోతుంది.”

బుధుకి ఆ పద్ధతి నిజంగానే నచ్చింది. “బాగుంది. మళ్లీ సల్లు బాబూ, సూత్తాను.”

చుక్కలు రాలాయి. ఒక ఎకరం ఎనభై ఏడు సెంట్లు.

“ఇంకోపాలి.”

అదే అంకె.

“ఇంకొక్కపాలి బాబూ.”

మళ్లీ అదే. గణపతిరావు బల్ల చరిచాడు. “చూశావా! మూడుసార్లూ సెంటు తేడా లేదు. ఇంకేం కావాలి నీకు? వెయ్యి ముద్ర.”

కనకకి ఏడుపొచ్చింది. బుధు మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు.

“నలబై ఏళ్లుగా సల్లుతన్నాను బాబూ, ఏ రెండేళ్లూ ఒక్కలాగ పడలేదు. ఓపాలి గట్టు మీద ఎక్కువ పడతాయి, ఓపాలి గెడ్డలో పడి కొట్టుకుపోతాయి. ఇదేటి, మూడుపాలీ సేనులో సరిగ్గా అన్నే గింజలేసింది?”

“మిషన్ తాతా, మనిషి చెయ్యి కాదు,” అని నవ్వాడు సురేష్. ఆ నవ్వు ఎంతోసేపు లేదు. “సార్, యూపీఎస్ ఆరిపోతుంది. బేగి ముద్ర వేయించండి.”

“ఏత్తాను,” అన్నాడు బుధు ఎమ్మార్వోతో. “ముందు ఆ బొమ్మలో నా సేను సెరిపేసి సల్లమనండి.”

“చెరిపేస్తే ఇంకేం కొలుస్తామయ్యా?”

“అదే సూద్దాం బాబూ.”

సురేష్ చేతులు కీబోర్డు మీంచి ఒళ్లోకి జారాయి. గణపతిరావు అతని మొహం ఒకసారి చూశాడు.

“లే,” అన్నాడు.

తనే కుర్చీలో కూర్చుని చేను గీతలన్నీ ఒక్కొక్కటే చెరిపేశాడు. కనక మొగుడి సిరా వేలిని గుప్పిట్లో పట్టుకుంది. ఎమ్మార్వో మీట నొక్కాడు.

చేను లేని తెర మీద పదివేల చుక్కలూ రాలాయి. వాటి కింద అంకె వచ్చి నిలబడింది: ఒక ఎకరం ఎనభై ఏడు సెంట్లు.