పదకొండో నంబరు కుర్చీ

"అది తప్ప ఇంకేదైనా సరే," అన్నాడు ఆస్గర్ టోఫ్ట్.

మిగిలిన నలుగురు న్యాయనిర్ణేతలూ మొహమొహాలు చూసుకున్నారు. కోపెన్‌హాగెన్ వడ్రంగుల సంఘం పోటీకి ఆ ఏడాది ముప్పై నాలుగు కుర్చీల నమూనాలు కాగితం మీద గీసి పంపారు. దేని మీదా పేరు లేదు, నంబరు మాత్రమే ఉంది. పేరు వేరే కవరులో, లక్క ముద్ర వేసి ఉంటుంది. గెలిచినవాడి కవరొక్కటే విప్పుతారు. మిగతావి విప్పకుండానే పొయ్యిలో పడేస్తారు. ఓడినవాడి పరువు పోకూడదని తాతల నాడు పెట్టిన పద్ధతి.

గోడకి కొట్టిన పదకొండో నంబరు కాగితం ముందు పొద్దుటి నుంచీ అందరూ నోరెళ్ళబెట్టి నిలబడుతున్నారు. ఓక్ చెక్క కుర్చీ. వీపు ఆనే చెక్కా, చేతులూ ఒకే వంపులో కలిసిపోయాయి. అతుకు ఎక్కడుందో పట్టుకోవడానికి సంఘం అధ్యక్షుడు క్రాగ్ గారు కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

ఆస్గర్‌కి ఒక్క చూపు చాలింది. ఆ గీత ఎవరిదో అతనికి తెలుసు. ఆ మనిషి తన పనికి ఇంకొకరి పేరు చచ్చినా పెట్టడనీ తెలుసు. ఆ కవరు విప్పితే తన పని అయిపోయినట్టే.

మొదట పనితనం మీద పడ్డాడు. వెనక కాళ్ళు మరీ సన్నం అన్నాడు. రెండు చలికాలాలు గడిస్తే అతుకు వదిలేస్తుందన్నాడు. క్రెస్టెన్ బ్యూల్ నవ్వాడు. న్యాయనిర్ణేతల్లో నోటి దురుసుకి అతని తరవాతే ఎవరైనా.

"కాళ్ళ సంగతి కాదులే ఆస్గర్. ఎదురుకొట్టువాడి గీత అనేగా నీ బాధ?"

సంగతి ఊరందరికీ తెలిసిందే. ఆస్గర్ దగ్గర పన్నెండేళ్ళు పనిచేసిన వీలాడ్స్ కిందటేడు బయటికొచ్చి, సరిగ్గా ఎదురుగా కొట్టు తెరిచాడు. గురువుగారి ఖాతాదారుల్లో సగం మంది రోడ్డు దాటేశారు. ఇప్పుడు బహుమతి కూడా శిష్యుడే ఎగరేసుకుపోతే గురువు తలుపులు మూసుకోవాల్సిందే. ముసలాయనకి కడుపు మంట ఉండదా మరి?

ఆస్గర్ ఆ మాట కాదనలేదు. దీన్ని ఎవరు తెచ్చిచ్చారని గుమాస్తాని అడిగాడు. ఎవరో ఆడమనిషట. చేపల బుట్టలో అడుగున పెట్టి తెచ్చిందట.

"బుట్ట పిడికి ఎర్ర దారం చుట్టి ఉందా?"

ఉన్నట్టే గుర్తన్నాడు గుమాస్తా. ఆస్గర్ కుర్చీలో కూలబడ్డాడు. వీలాడ్స్ పెళ్ళామే అయ్యుంటుందని క్రెస్టెన్ తేల్చేశాడు.

మధ్యాహ్నం రొట్టెలూ, బార్లీ కాఫీ వచ్చాయి. జర్మన్లు దేశంలోకి దిగాక అసలు కాఫీ మొహం ఎవరు చూశారు గనక. నలుగురు ఎక్కడ కూడినా వాళ్ళ పోలీసు కచేరీ మనిషి ఒకడు కూర్చోవాలని రూలు కూడా పెట్టారు. ఇవాళ వచ్చినాయన పొద్దుటి నుంచీ పొయ్యి పక్కన కునుకు తీస్తున్నాడు. కుర్చీల గొడవ ఆయనకెందుకు? ఆస్గర్ తన రొట్టె ముట్టుకోలేదు. కాగితంలో చుట్టి కోటు జేబులో పెట్టుకున్నాడు. ఈ మధ్య ఎక్కడ తిండి పెట్టినా అతనిది ఇదే వరస. పిసినారితనానికీ ఒక హద్దుండాలని క్రెస్టెన్ గొణిగాడు.

తరవాత ఆస్గర్ బేరానికి దిగాడు. దానికి రెండో స్థానం ఇవ్వమన్నాడు. పోనీ, ఈ ఏడాది బహుమతే వద్దన్నాడు. ఇరవై రెండేళ్ళలో సంఘాన్ని తనేమీ అడగలేదని, ఈ ఒక్కటీ తన మొహం చూసి చెయ్యమని బతిమాలాడు. ఎవరికీ తల వంచని మనిషి అలా దేబిరిస్తుంటే చూడలేక క్రాగ్ గారు కిటికీ వైపు తిరిగిపోయారు.

చివరికి ఆస్గర్ లేచి నిలబడ్డాడు.

"అది నా గీత. నా దగ్గర్నుంచి దొంగిలించారు. దాన్ని పోటీలోంచి తీసెయ్యాలి."

క్రాగ్ గారు ఒక తెల్లకాగితం, పెన్సిలు నెమ్మదిగా అతని ముందుకి జరిపారు.

"నీదే అయితే ఆ అతుకు లోపల ఎలా కూర్చుందో గీసి చూపించవయ్యా."

ఆస్గర్ పెన్సిలు పట్టుకున్నాడు. గీశాడు, చెరిపాడు, మళ్ళీ గీశాడు. చెరిపి చెరిపి కాగితం చిరిగింది. నలభై ఏళ్ళు ఉలి పట్టిన మనిషే, కానీ ఆ అతుకు అతనికి అంతుపట్టలేదు.

"ఇన్నేళ్ళు నీ పక్కన కూర్చున్నందుకు సిగ్గేస్తోంది," అన్నాడు క్రెస్టెన్. ఈసారి నవ్వలేదు.

ఓట్లు వేశారు. అటు నాలుగు, ఇటు ఒకటి. క్రాగ్ గారు కవరు అందుకోబోయేలోగా ఆస్గర్ దాన్ని లాక్కుని పొయ్యి వైపు పరిగెత్తాడు. క్రెస్టెన్ వెనకనుంచి మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. కవరు జారి, కునుకు తీస్తున్నాయన బూట్ల దగ్గర పడింది.

ఆయన కళ్ళు తెరిచాడు. కవరు తీసుకుని దుమ్ము దులిపాడు. గెలిచినవాడి పేరు చదివే గౌరవం తనకి దక్కుతుందా అని చక్కటి డానిష్‌లో అడిగాడు. పరాయివాడి ముందు జరిగిన రభసకి క్రాగ్ గారు అప్పటికే సిగ్గుతో చచ్చిపోతున్నారు. ఎలాగూ కవరు బయటి మనిషి చేతే విప్పించాలన్నది సంఘం ఆచారం. చదవమని తల ఊపారు.

"వద్దు క్రాగ్," అన్నాడు ఆస్గర్. "నీ కాళ్ళు పట్టుకుంటాను, వద్దు."

ఎవరూ అతని వైపు చూడలేదు.

లక్క విరిచి ఆయన చదివిన పేరు ఐగిల్ బ్రాస్క్: రైలు వంతెన పేల్చాడని ఆయన కచేరీవాళ్ళే ఆరు నెలలుగా ఊరంతా గాలిస్తున్న మనిషి, ఆ ఆరు నెలలూ ఆస్గర్ ఇంటి అటక మీద తలదాచుకుంటున్న మనిషి.