రెండు టైంటేబుళ్ళు

బీఈడీ కూడా లేని నా కోడలు గౌతమి పిల్లల్ని బడి మాన్పించి, ఇంట్లోనే చదువు మొదలుపెట్టింది. ఐదో తరగతి హరిణికి ఒక టైంటేబులు, ఒకటో తరగతి తమ్ముడికి వేరే టైంటేబులు రాసి గోడకి అంటించింది.

"రెండెందుకు? కలిదిండి దగ్గర బళ్ళో ఐదు క్లాసులకీ నేనొక్కణ్ణే చెప్పాను. పెద్దదానిచేత చిన్నాడికి చెప్పించు, చాలు" అంటూ రెండూ పీకేశాను.

"తెలుసండి మావయ్యగారూ. ఐదో క్లాసు మీ దగ్గరే కదండీ చదివాను. ఏడాదంతా ఒకటో క్లాసుకి నాచేతే చెప్పించారు. నా పాఠాలు నాకెప్పుడు చెప్పారండీ?"

కాయితాలు లాక్కుని మళ్ళీ అంటించింది.

నేను కుర్చీ అటు తిప్పుకున్నాను. ఎదురుగోడ మీద నా ఉత్తమ ఉపాధ్యాయ సన్మానపత్రం ఉంది. దాని మీద ఉన్నది గౌతమి ఐదో క్లాసు చదివిన సంవత్సరమే.