రాయికి మూత

నాచారంలోని ఓ ఇనుప షెడ్డు. కొత్తగా పనిలో చేరిన దుర్గేష్ గ్రైండింగ్ మిషన్ దాకా వెళ్లి మూడోసారి వెనక్కొచ్చాడు.

పోయిన ఏడాది ఆ మిషన్ రాయి తిరుగుతూనే పగిలింది. ముక్క తగిలి, పనిచేసే కుర్రాడు అక్కడే పోయాడు. పాతవాళ్లంతా మానేశారు.

ఇవాళ స్విచ్ వేయకపోతే దుర్గేష్ ఉద్యోగమూ పోతుంది. కాళ్లకు ఆ సంగతి చెబితే వింటాయా!

"ఏంది పిలగా, రాయి కరుస్తదా?"

గుమ్మంలో ఓ ముసలాయన. చంకలో పానాల సంచి.

"ఎవరు తాతా?"

"మొగిలయ్య. ఉప్పల్‌ల ఉంట. మా ఊర్ల గిట్లాంటి రాయి మీదనే గడ్డపారను అరగదీసి పండ్లపుల్ల జేసిన!"

"సాలు తాతా, కోతలు."

నవ్వుతూనే మొగిలయ్య రాయిని ఊడదీశాడు. వేలికి తగిలించి, సుత్తి చెక్కపిడితో కొట్టాడు. ఖంగుమంది.

"పగులు లేదు."

రాయి ఎక్కించాడు. మూలన పడున్న ఇనుప గార్డును పైన మూతలా పెట్టి బోల్టులు బిగించాడు. తర్వాత దుర్గేష్ తలమీద చెయ్యిపెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు.

"రాయిని మీ దేవుడు ఆపుతడా తాతా?"

"రాయిని గార్డు ఆపుతది. ఆయన భయాన్ని ఆపుతడు."

"ఎట్ల?"

"నా తప్పులన్ని ఎరికయి గూడ యేసయ్య నన్ను ఇడిసిపెట్టలే. గంత ప్రేమ లోపలికొచ్చినంక భయానికి జాగేడుంటది? నీ మీద గూడ గంతే ప్రేమ, పిలగా. ఎయ్యి స్విచ్చు."

వేశాడు. మధ్యాహ్నానికి పనిలో పడిపోయాడు.

రోజూ పొద్దున్నే వచ్చేవాడు మొగిలయ్య. బోల్టులు చూసి, ప్రార్థన చేసి, ఓ కోత కోసి వెళ్లేవాడు. షెడ్డు యజమాని సేఠ్ పెట్టిన మెకానిక్ అనుకున్నాడు దుర్గేష్. జీతానికేగా అని ఒక్కనాడూ చాయ్ తాగమనలేదు.

ఓ సోమవారం ఆయన రాలేదు.

"గుండె ఆగిందట. ఇయ్యాల్నే మట్టి చేస్తరట," అన్నాడు వాచ్‌మన్.

"అయ్యో! కొత్త మెకానిక్‌ను పెడతరా?"

"మెకానికా? ఆయనకెవలిచ్చిన్రు జీతం? ఊకెనే వస్తుండె."

దుర్గేష్ ఉప్పల్‌కు పరుగెత్తాడు.

శవపేటిక పక్కన సారలమ్మ అనే పెద్దావిడ కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి.

"మొగిలయ్య తాత మీకేమైతడమ్మా?"

"రాయి పగిలి పోయినోడు నా కొడుకే, బిడ్డా. పని జల్ది కావాలని ఆ రాయి మీది గార్డు ఇప్పేసిన ఫిట్టరు ఈయన," అంది సారలమ్మ, పేటిక మీది పూలదండను మెల్లగా సర్దుతూ.